పట్టు వదలని బ్రేకు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ తిన్నగా మాట్లాడలేదు. దానికి కారణం ఒక చక్రం. ఇంత సంసారాన్ని ఒక చక్రం ఆగం చేస్తుందా అని మీరు అడగొచ్చు. చేస్తుంది. అది మా మామయ్యగారి ఎర్ర కారు చక్రమైతే నిక్షేపంగా చేస్తుంది.

రెండే సీట్లు, పైన టాపు లేదు, ముక్కు పొడుగు. నేను కాపురానికి వచ్చేనాటికే ఆ కారు వయసు నా వయసుకన్నా ఎక్కువ. ముందు భాగంలో మా రిపేరు షెడ్డు, వెనక ఇల్లు. షెడ్డుకి వచ్చే టాక్సీలూ వ్యాన్లూ మాకు అన్నం పెట్టేవి. ఎర్ర కారు ఎవరికీ ఏమీ పెట్టేది కాదు గానీ, మామయ్యగారు పొద్దున్న లేచి ముందు దాని మొహం చూసి, ఆ తర్వాతే కాఫీ తాగేవారు. దాని స్టీరింగు ఇంకొకళ్ళు పట్టుకోవడానికి వీల్లేదు. అత్తయ్య మా సామాన్ల వ్యాను నడుపుతుంది. ఇరుకు సందులో బండి వెనక్కి పోనివ్వాలంటే మా అందరికన్నా ఆవిడే నయం. అయినా ఎర్ర కారులో మాత్రం ఆవిడది ఎప్పుడూ పక్క సీటే.

మా ఆయన బడిలో లెక్కల మాస్టారు. పానా చేతికిస్తే ఏ వైపు పట్టుకోవాలో ఆలోచిస్తారు. నేను మెకానిక్కు కూతుర్ని, నాకు చెయ్యి ఊరుకోదు. పెళ్ళైన కొత్తలో ఊరికే షెడ్డులోకి తొంగిచూసినదాన్ని, ఏళ్ళు తిరిగేసరికి బ్రేకుల పనంతా నాదే అయింది. మామయ్యగారే కూర్చోబెట్టి నేర్పారు. "ఇంజను చెడితే బండి ఆగుతుంది అమ్మాయ్, బ్రేకు చెడితే ఆగదు. ఏది ముఖ్యమో నువ్వే చెప్పు" అనేవారు. ఆయన షెడ్డులో ఒక నియమం పెట్టారు. బ్రేకు కట్టినవాళ్ళే ముందు నడిపి చూడాలి, ఇంకొకళ్ళ ప్రాణం మీద పరీక్ష పెట్టకూడదు. అందుకని ఎర్ర కారు బ్రేకులు విప్పిన రోజు మాత్రం నాకు స్టీరింగు దొరికేది. అదీ సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి రావడానికి. అంతకు మించి అంగుళం కదిలితే గుమ్మంలో నిలబడి, వెనక్కి రమ్మని చప్పట్లు కొట్టేవారు.

ఏటా ఎండాకాలం చివర్లో పాత కార్లవాళ్ళంతా ఒకరోజు కొండ రోడ్డు ఎక్కి అవతలి పక్కకి దిగుతారు. మామయ్యగారికి అదే పండగ. అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, వరసలో అందరికన్నా ముందు ఉండేవారు. ఎక్కడానిదేముంది, దిగడమే కష్టం. ఒక పక్క కొండ, రెండో పక్క ఏమీ ఉండదు.

ఎండలు ముదురుతున్నప్పుడు ఒక సాయంత్రం కారు గేటులోకి వస్తూనే కాలిన వాసన వచ్చింది.

"అమ్మాయ్, ముందు ఎడమ చక్రం పట్టేస్తున్నట్టుంది. చూడు" అన్నారు మామయ్యగారు సీట్లోంచే.

చూద్దామని చక్రం మీద చెయ్యి వేశాను. వేలు చురుక్కుమంది. బ్రేకు నొక్కకపోయినా ఆ చక్రం ఎవరో లోపల్నించి గట్టిగా పట్టుకున్నట్టు ఉంది. మర్నాడు విప్పితే పిస్టను తుప్పు పట్టి బిగుసుకుని ఉంది. దొంగ దొరికాడు అనుకున్నాను. పిస్టను మార్చాను, రబ్బరు సీళ్ళు మార్చాను, ప్యాడ్లు కొత్తవి వేశాను. సందు చివరిదాకా నడిపితే వెన్నలా నడిచింది. ఆ సాయంత్రం మామయ్యగారు కొండ మొదటిదాకా వెళ్ళొచ్చారు. మళ్ళీ అదే వాసన.

"మార్చానన్నావుగా?" అన్నారు.

"మార్చాను మామయ్యా."

"మరి?"

ఆ "మరి?" ఉందే, అది నన్ను ఆ ఎండాకాలమంతా నిద్రపోనివ్వలేదు.

జాకీ పెట్టి చక్రం లేపేసరికి ఎప్పుడూ ఒకటే తంతు. ఇంటికొచ్చి కాసేపు చల్లారాక తిప్పితే చక్రం బుద్ధిమంతురాలిలా గిర్రున తిరుగుతుంది. డాక్టరు గుమ్మంలోకి రాగానే జ్వరం దిగిపోయే పిల్లలుంటారే, అదే వరస. ఏ జబ్బూ కనబడకపోతే దేనికని మందు వేస్తాం? ముందు పక్క రబ్బరు హోసులు లోపల ఉబ్బి ఉంటాయని అవి మార్చాను. బేరింగు ఎక్కువ బిగిసిందేమోనని విప్పి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగించాను. డిస్కు వంకరేమోనని కొలిచాను. హ్యాండ్ బ్రేకు వైరు వదులు చేశాను, అది వెనక చక్రాలదే అని తెలిసి కూడా. మునిగేవాడు గడ్డిపరక దొరికినా పట్టుకుంటాడు మరి. అన్నీ అయ్యాక సందు చివరిదాకా నడిపితే బాగానే ఉండేది. మామయ్యగారు తీసుకెళితే పట్టేసేది.

"ఒక్కసారి నన్ను కొండదాకా తీసుకెళ్ళనివ్వండి మామయ్యా. బండి వేడెక్కితే గానీ జబ్బు బయటపడేలా లేదు."

"నా బండి నేను నడిపితే పాడైపోతుందనా నీ ఉద్దేశం?"

"అలా అన్నానా?"

"అనలేదులే. పని తెలిసినవాళ్ళు సందు చివరికే కనిపెడతారు."

నా ఒళ్ళు మండిపోయింది. అయినా పెద్దాయన, ఏమంటాం? లోపలికెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగా కడిగాను. మా ఆయన బడి సెలవులు కదా, వంటింటి గుమ్మంలో నిలబడి, "రెండు ముందు చక్రాలూ పోల్చి చూశావా? ఏది మారుతోందో, ఏది మారడం లేదో రాసుకుంటే..." అని మొదలుపెట్టారు.

"మీరు పోయి మీ పిల్లలకి చెప్పుకోండి, సెలవులయ్యాక" అన్నాను.

మాట మా గడప దాటింది. ఎప్పుడూ నా దగ్గరే బ్రేకులు చేయించుకునే టాక్సీ ఆయన ఒకరోజు వచ్చి ఆయిలు మాత్రం మార్పించుకున్నాడు. బ్రేకులు కూడా చూస్తానంటే తల గోక్కున్నాడు. "ఇప్పుడొద్దులేమ్మా. ముందు మీ మామగారి బండి సంగతి తేలనీ. ఏమీ అనుకోకు." ఏమీ అనుకోవద్దట! పక్కనే స్టూలు మీద కూర్చున్న మామయ్యగారు విని కూడా విననట్టు బోల్టులు ఏరుకుంటున్నారు. మా మరిది ఊరుకోకుండా, "నాన్నా, ఆ కారు అమ్మేస్తే షెడ్డుకి మంచి లిఫ్టు కొనుక్కోవచ్చు. వదిన నడుమైనా నిలబడుతుంది" అన్నాడు. వాడు ఏడాదిగా పాడుతున్న పాటే అది. మామయ్యగారు ఒక బోల్టు తీసి వాడి మీదికి విసిరారు. తగల్లేదు. తగలాలని విసిరింది కాదు.

చివరికి నాకు పట్టుదల వచ్చింది. కారు నా దగ్గరికి వేడిగా రాకపోతే, నేనే వేడి కారు దగ్గరికి పోవాలి. ఆదివారం సాయంత్రం అత్తయ్యా మామయ్యగారూ కారులో బయల్దేరగానే పానాలు, సన్నటి గొట్టం, ఖాళీ సీసా సంచిలో వేసుకుని స్కూటరు మీద వెనకాలే పడ్డాను. మామయ్యగారు అద్దంలో చూసి చెయ్యి ఊపుతూ పొమ్మన్నారు. నేను ఎటో చూస్తున్నట్టు నటించాను.

కొండ మొదట్లో రెండో మలుపు దగ్గర కారు మూలిగి ఆగిపోయింది. ముందు చక్రాల్లోంచి సన్నగా పొగ. అత్తయ్య దిగి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మామయ్యగారు దిగలేదు.

"మామయ్యా, దిగండి, జాకీ పెడతాను."

"నేను దిగితేనే లేస్తుందా నీ జాకీ? ఎత్తు."

ఎండలో ఒళ్ళు మండుతుంటే, ఆయన బరువుతో సహా ఎత్తాను. వెనక చక్రానికి రాయి పెట్టి, ఎడమ చక్రం రెండు చేతులా పట్టుకుని తిప్పితే కదల్లేదు. దింపి అటు పక్క కుడి చక్రం ఎత్తితే అదీ కదల్లేదు. ఇన్నాళ్ళూ వాసన ఎక్కువ వస్తోందని ఎడమ చక్రాన్నే పట్టుకుని వేలాడాను, కుడిది కూడా బిగిసిపోతోందని చల్లారాక చూసిన నాకు ఎలా తెలుస్తుంది? పోల్చి చూశావా అని అడిగిన లెక్కల మాస్టారు గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది. కుడి చక్రాన్ని గాల్లోనే ఉంచి, ఎడమ చక్రం దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, అక్కడ గాలి తీసే నిపుల్ని పావు చుట్టు వదులు చేశాను. బ్రేకు ఆయిలు చివ్వున ఎగిరి మొహం మీద పడింది.

"అత్తయ్యా, అటు కుడి చక్రం తిప్పండి!"

"తిరుగుతోందే!" అంది అత్తయ్య ఆశ్చర్యంగా, ఒంటిచేత్తో తిప్పుతూ.

ఎడమ పక్క ఆయిలు వదిలితే కుడి చక్రం కూడా వదిలేసింది. అంటే తప్పు ఏ చక్రంలోనూ లేదు. రెండింటికీ పైనుంచి వచ్చే ఒత్తిడి వెనక్కి పోవడం లేదు. రోగం పైన, పెడల్ దగ్గర ఉంది. నేను నెల రోజులుగా కాళ్ళకి కట్లు కడుతున్నాను.

"దొరికింది మామయ్యా! మాస్టర్ సిలిండరు దగ్గర ఉంది!" అని రోడ్డు మధ్యలో గంతేసినంత పని చేశాను. ఆయన సంతోషిస్తారనుకున్నాను. స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ, "సరేలే, చీకటి పడకముందు పద" అన్నారు.

ఇంటికెళ్ళి బానెట్టు ఎత్తి టార్చి వేశాను. పెడల్‌ని సిలిండరుకి కలిపే రాడ్డు ఒకటి ఉంటుంది. పెడల్ వదిలినప్పుడు ఆ రాడ్డు కొసకీ సిలిండరులోని పిస్టనుకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ ఉంటేనే పిస్టను పూర్తిగా వెనక్కొచ్చి, ఆయిలు తిరిగి డబ్బాలోకి పోతుంది. లేకపోతే లోపలే చిక్కుకుని, వేడికి ఉబ్బి, తనంతట తనే బ్రేకు వేస్తుంది. అలాగే నడిపితే ఇంకా వేడెక్కి మరిగిపోతుంది. మరిగిందా, పెడల్ నేలకి దిగిపోతుంది, ఎంత నొక్కినా గాలిని నొక్కినట్టే. ఈ మాటలన్నీ నావి కావు, మామయ్యగారు నాకు నేర్పినవే. ఆ రాడ్డు పొడవు కూడా ఎప్పుడో ఆయనే సరిచేసి, ఎవరూ ముట్టుకోకుండా లాక్ నట్టు మీద పసుపు రంగు చుక్క పెట్టారు. అందుకే ఇన్నాళ్ళూ నేను అటు చూడనైనా లేదు.

చుక్క పగిలి ఉంది. నట్టు మీద పానా గీతలు తళతళలాడుతున్నాయి. ఎవరో రాడ్డుని పొడుగు చేశారు, ఒకసారి కాదు, చాలాసార్లు.

భోజనాల దగ్గర మరిదిని పట్టుకున్నాను. "కారు పాడైతే అమ్మేస్తారని కదూ? లిఫ్టు కోసం ఇంత పని చేస్తావా?"

"నేనా? ఒట్టు వదినా, దాన్ని నేను ముట్టుకోలేదు."

"మరి దయ్యం తిప్పిందా? పానా గీతలు నా కళ్ళతో చూశాను. కొండ మీద మీ అమ్మ ఉంటుందిరా పక్కన!"

వాడు తండ్రి వైపు చూశాడు. మామయ్యగారు తల ఎత్తలేదు. "ఆ గొడవ వదిలెయ్. దొరికిందిగా, సరిచెయ్" అన్నారు పళ్ళెంలోకి చూస్తూ. వాడు చెయ్యి కడుక్కుని చొక్కా తగిలించుకుని స్నేహితుడింటికి వెళ్ళిపోయాడు. రెండు రోజులైనా తిరిగి రాలేదు. నాకు బాధేమీ కలగలేదు. పోనీ, బుద్ధి వస్తుంది అనుకున్నాను.

రాడ్డు సరిచేసి, వెంట్రుకవాసి ఖాళీ పెట్టి బిగించాను. మామయ్యగారు ఆ రోజు సందు మలుపుదాకా వెళ్ళి వెంటనే వెనక్కొచ్చేశారు. "పెడల్ లోతుకి పోతోంది. నాకు నచ్చలేదు" అన్నారు. ఉండాల్సినంతే ఉంది మామయ్యా అన్నాను. మర్నాడు సాయంత్రం మళ్ళీ కాలిన వాసన వచ్చింది. బానెట్టు ఎత్తి చూస్తే రాడ్డు మళ్ళీ పొడుగు. మరిది ఇంట్లో లేడు. మా ఆయనకి ఆ నట్టు ఎక్కడుందో తెలియదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే అత్తయ్య వచ్చి మామయ్యగారి పాంటు ఒకటి నా చేతిలో పెట్టింది.

"ఈ మరక ఎన్నిసార్లు ఉతికినా పోవడం లేదు. చూడు."

"గ్రీజు మరకలు ఎక్కడ పోతాయి అత్తయ్యా, సోడాలో నానబెట్టండి."

"చూడమన్నాను. సరిగా చూడు."

కుడి మోకాలి పైన గుడ్డ పల్చబడింది. మోకాలి పక్కన నాలుగు వేళ్ళ గ్రీజు ముద్రలు, పైన ఒక బొటనవేలిది. ఎవరో ఆ కాలుని మోకాలి కింద పట్టుకుని మళ్ళీ మళ్ళీ పైకి ఎత్తిన గుర్తు.

నేను అత్తయ్య మొహంలోకి చూశాను. ఆవిడ తలగడ గలీబు మడత పెట్టుకుంటోంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చలికాలం నుంచి. యాక్సిలరేటరు మీంచి బ్రేకు మీదికి కాలు తనంతట తను రాదు. చేత్తో తీసి పెట్టుకుంటారు. నొక్కితే సగం దూరం కూడా పోదు. ఎవరికీ చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు" అంది. గలీబు అంచులు కలుపుతూ, "పాంటు చూపించొద్దని అనలేదుగా" అంది.

"తెలిసి తెలిసీ పక్కన కూర్చుంటున్నారా?"

"నేను లేకపోతే ఒక్కరే పోతారు. నేనుంటే నెమ్మదిగానైనా పోనిస్తారు."

ఆవిడకి కాలు సంగతి తెలుసు, రాడ్డు సంగతి తెలియదు. నాకు రాడ్డు సంగతి తెలుసు, కాలు సంగతి తెలియదు. మెట్ల మీద కూర్చుని ఆవిడకి మిగతా సగం చెప్పాను. పెడల్ లోతుకి పోకుండా పైపైనే పట్టాలని ఆయనే రాడ్డు పొడుగు చేసుకుంటున్నారనీ, అందుకే చక్రాలు వదలడం లేదనీ, కొండ దిగుడులో ఆయిలు మరిగితే ఏమవుతుందో కూడా చెప్పాను. ఆవిడ ఆ గలీబుని విప్పి మళ్ళీ మడత పెట్టింది.

నాకు జాలి వెయ్యలేదు, నిజం చెబుతున్నాను. ఒళ్ళంతా కోపం. నెల రోజులు నన్ను కారు కింద పడుకోబెట్టారు. టాక్సీవాడి ముందు నా పరువు పోయినా నోరు విప్పలేదు. కన్నకొడుకు అన్నం ముందు నుంచి లేచిపోతున్నా తల ఎత్తలేదు. పాంటు చేత్తో పట్టుకునే షెడ్డులోకి వెళ్ళాను.

"మామయ్యా, ఆ రాడ్డు మీరే తిప్పారు."

స్టూలు మీద ఉన్న ఆయన నా చేతిలోకి చూశారు. బుకాయించలేదు. "నేను తిప్పింది పావు చుట్టు. పావు చుట్టుకి పట్టదు. ఇంకేదో ఉంది, నువ్వు కనిపెడతావు అనుకున్నాను."

"పావు చుట్టు ఎన్నిసార్లు తిప్పారు?"

ఆయన బోల్టుల డబ్బా దగ్గరికి లాక్కున్నారు. ఇంకొకరి బండి అయితే ఆ రాడ్డు దూరం నుంచే చూసి చెప్పేవారాయన. కాలు తగ్గిన కొద్దీ పావు చుట్టు తిప్పుతూ, ప్రతిసారీ ఆ ఒక్క పావు చుట్టునే లెక్కలోకి తీసుకున్నారు.

"డాక్టరు దగ్గరికి వెళ్ళాను. నరం అన్నాడు. ఇంకా ఏవేవో అన్నాడు" అన్నారు బోల్టుల డబ్బాతో చెప్పుకుంటున్నట్టు. "ఈ ఒక్కసారి కొండ దిగనివ్వు అమ్మాయ్. తర్వాత నేనే ఆపేస్తాను."

"ఆ ఒక్కసారే ఆయిలు మరిగితే? పక్కన అత్తయ్య ఉంటుంది మామయ్యా."

"బ్రేకుల గురించి నాకు చెబుతున్నావా నువ్వు?"

"మీరు చెప్పిందే చెబుతున్నాను."

ఆయన మొహం నల్లబడింది. "పో. షెడ్డులోంచి పో. ఇక్కడ అడుగు పెట్టకు." ఇన్నేళ్ళలో ఆయన నన్ను పొమ్మనడం అదే మొదలు. నేను పాంటు బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఏడుపు వస్తుంటే మా ఆయన అడ్డమొచ్చి విషయమంతా విని, "తాళంచెవి దాచేద్దాం" అన్నారు. దాస్తే ఆయన దగ్గర ఇంకొకటి ఉంటుంది. లేకపోతే వైర్లు కలిపి స్టార్టు చేస్తారు. ఆయన మెకానిక్కండీ అన్నాను. సాయంత్రం మరిదికి ఫోను చేసి, తప్పు నాదేరా, వచ్చెయ్ అన్నాను. ఎందుకు, ఏమిటి అని వాడు అడగలేదు. వాడికి అప్పటికే అర్థమైనట్టుంది.

కొండ ఎక్కే రోజు పొద్దున్నే, ఇంకా ఎవరూ లేవకముందు షెడ్డులోకి వెళ్ళాను. రాడ్డు వెనక్కి తిప్పాను. సన్నటి రేకు ముక్క పెట్టి ఖాళీ కొలిచాను. లాక్ నట్టు బిగించి, కొత్తగా పసుపు చుక్క పెట్టాను. పెడల్ ఇప్పుడు మామూలు మనిషి కాలికి ఎంత లోతు కావాలో అంతే ఉంది. మామయ్యగారు దాన్ని నొక్కలేకపోతే ఈ పని ఎవరిదో ఆయనకి తెలుస్తుంది. ఇంకా మొండికేసి బయల్దేరితే ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలియలేదు. కారు ముందు పడుకోవడం తప్ప ఇంకేమీ తోచలేదు.

ఆయన ఇస్త్రీ బట్టలు వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చారు. అత్తయ్య పక్క సీట్లో కూర్చుని చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది. గేటు దగ్గర నేను, మా ఆయన, రాత్రి తిరిగొచ్చిన మరిది. మామయ్యగారు సీట్లో సర్దుకుని, అందరూ చూస్తుండగానే కాలుని చేత్తో ఎత్తి బ్రేకు మీద పెట్టుకుని నొక్కారు.

పెడల్ ఆయన అనుకున్న చోట పట్టలేదు. ఆగి, ముందు అద్దంలోంచి నా వైపు చూశారు. నేను కళ్ళు దించుకోలేదు. మళ్ళీ నొక్కారు. తొడ వణకడం ఇక్కడికి కనిపిస్తోంది. చెయ్యి మోకాలి మీదికి వచ్చి, కాలుతో పాటు తనూ నొక్కడానికి చూసింది. మూడోసారి ప్రయత్నించలేదు. చేతులు రెండూ స్టీరింగు మీద పెట్టుకుని, పొడుగాటి ఎర్ర బానెట్టు వైపు చూస్తూ కూర్చున్నారు.

"ఎండ ఇటే కొడుతోంది. నువ్వొచ్చి ఇటు కూర్చో" అన్నారు అత్తయ్యతో.

టాపు లేని కారు. పైగా సూర్యుడు ఇంకా ప్రహరీ గోడ దాటలేదు. మాటకి మాట అప్పజెప్పందే ఊరుకోని మా అత్తయ్య ఆ ఒక్కసారీ నోరు మెదపకుండా దిగింది. మామయ్యగారు దిగడానికి చాలాసేపు పట్టింది. మరిది ముందుకి అడుగేస్తుంటే మోచెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన బానెట్టు మీద చెయ్యి వేసి, దాన్ని పట్టుకుని, ఆ ముక్కంతా చుట్టి అవతలి పక్కకి నడిచారు.

అత్తయ్య సీటు ముందుకి లాక్కుంది, అద్దం సరిచేసుకుంది. బండి గేటులోంచి వెళ్ళింది.

నేను స్కూటరు మీద వెనకాలే వెళ్ళాను. దిగుడులో ప్రతి మలుపు దగ్గరా వెనక ఎర్ర లైటు వెలిగి ఆరిపోతుంటే ఊపిరి పీల్చుకున్నాను. దారంతా మామయ్యగారి చెయ్యి గాల్లో ఊగుతూనే ఉంది, గేరు మార్చు, పక్కకి తియ్యి, అదిగో రాయి అని. కొండ కింద కార్లన్నీ ఆగిన చోట అత్తయ్య కూడా ఆపింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి ముందు ఎడమ చక్రం మీద చెయ్యి వేశాను. తర్వాత కుడి చక్రం మీద.

"కాలుతోందా?" అన్నారు మామయ్యగారు.

"లేదు మామయ్యా. గోరువెచ్చగా ఉంది."

ఆయన తల ఊపారు. "మూడో మలుపులో మీ అత్తయ్య ఆలస్యంగా నొక్కింది."

"నొక్కాల్సినప్పుడే నొక్కాను" అంది అత్తయ్య. ఇంజను ఆపింది. తాళంచెవి తీసింది.

మామయ్యగారి చెయ్యి అలవాటు కొద్దీ ముందుకి వచ్చింది. అత్తయ్య ఆ చెయ్యి చూసింది, తాళంచెవి తన చేతిసంచిలో వేసుకుని జిప్పు లాగింది. ఆయన చెయ్యి కాసేపు అలాగే ఉంది. నెల రోజులుగా నాదే నెగ్గాలని చూసిన నాకు నెగ్గినట్టు అనిపించలేదు.

అటు పక్కకి వెళ్ళి తలుపు తీశాను. చెయ్యి అందించాలో వద్దో తెలియక అలాగే నిలబడ్డాను. ఆయన రెండు చేతులతో కుడి కాలుని బయటికి పెట్టుకున్నారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి లేచారు, బరువంతా నా మీద వేసి.